మట్టికి కాపలా

ఆ రోజుకి నిదానయ్య పెట్టుకున్న పని ఒక్కటే. ఏ పనీ చేయకుండా ఉండటం.

వినడానికి ఇంతకన్నా సుఖమైన పని లేదనిపిస్తుంది. తెల్లవారుతూనే ఆయన తన దిగువ పొలం గట్టు మీద గొంతుక్కూర్చుని, కాలు లోపల పెట్టకుండా చెయ్యి మాత్రం చాచి, గుప్పెడు మట్టి తీసి పిసికాడు. మట్టి ఉండ అయింది. బొటనవేలితో నొక్కాడు. పొడిపొడిగా రాలిపోవలసిన ఉండ వేలిముద్ర వేయించుకుని ఊరుకుంది. మొన్న కురిసిన వాన ఇంకా లోపలే ఉంది. మరో రెండు రోజులు ఎండ కాయాలి. అంతవరకూ ఈ పొలంలో చక్రం తిరగకూడదు, గిట్ట పడకూడదు, కుదిరితే మనిషి కూడా నడవకూడదు. ఆయన ఆ ఉండని తీసినచోటే పెట్టి, చెయ్యి దులుపుకుని, గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

నిదానయ్య అన్నది ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు కాదు. ఊరంతా పరుగెత్తే వేళకి ఆయన చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడని ఎప్పుడో ఎవరో అన్నారు. ఆ పేరు జిగురులా అంటుకుపోయింది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే, ఎవరినబ్బా అని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే భార్య అడిగింది.

"ఇవాళ విత్తుతారా?"

"ఊహూఁ."

"పోనీ రేపు?"

"చూద్దాం."

"ఊరంతా విత్తుతోందండీ."

"ఊరి నేల వేరు."

"ఊరి నేల వేరు, ఊరి వాన వేరు, ఊరి బుద్ధీ వేరే. సరే, మధ్యాహ్నం అన్నం తెస్తాను. అది కూడా రెండు రోజులు ఆరబెట్టాలంటే ఇప్పుడే చెప్పండి."

ఆమె వెటకారం వెనక ఉన్నది వెటకారం కాదని ఆయనకి తెలుసు. కొన్నేళ్లుగా ఆ పొలంలో మొక్కజొన్న మోకాలెత్తు లేచి, పసుపు తిరిగి, ముసలివాడిలా నడుము వంచేస్తోంది. వాన పడితే పళ్లెంలో పోసినట్టు నీళ్లు పైనే నిలుస్తాయి. ఎండ కాస్తే అదే నేల పెంకులా బిగుస్తుంది. కిందటేడు వ్యవసాయాధికారి వచ్చి ఇనప చువ్వ గుచ్చి చూశాడు. చువ్వ జానెడు దిగి, గడప తగిలినట్టు టక్కున ఆగింది. గుంట తవ్వించాడు. మొక్కజొన్న వేళ్లు జానెడు లోతుదాకా వచ్చి, అక్కడినుంచి దిగలేక, మోచెయ్యి మడిచినట్టు పక్కకి తిరిగి పోయాయి.

"కింద నేల గట్టిపడిపోయిందండీ," అన్నాడు అధికారి. "పైన పిండిలా ఉంది, లోపల పలక పరిచినట్టుంది. వేరు దిగదు, నీరు దిగదు, గాలి దిగదు. ఇక మీరు ఎరువు ఎంత పోస్తే మాత్రం ఏం లాభం?"

అందుకని ఈ వేసవిలో, నేల పెళపెళలాడేలా ఎండినప్పుడు, నిదానయ్య పొడుగాటి ఇనప కోరలున్న లోతు నాగలి తెప్పించి ఆ పలకని పగలగొట్టించాడు. నేల కిందనుంచి పాత తలుపు విరుగుతున్నట్టు చప్పుడు వచ్చింది. ఆయనకి అది చెవులారా వినాలనిపించింది. పని అయ్యాక అధికారి ఒక్క మాటే చెప్పాడు: "పగలగొట్టడం పెద్ద పని కాదండీ. మళ్లీ తొక్కనివ్వకుండా చూసుకోవడమే పని. వదులైన నేలని తడిమీద తొక్కితే మునుపటికంటే గట్టిగా బిగుసుకుంటుంది."

చెప్పి ఊరుకోకుండా ఒక బోర్డు కూడా తెచ్చాడు. 'విశ్రాంతి తీసుకుంటున్న నేల. దయచేసి లోపల అడుగు పెట్టకండి.' నాలుగువైపులకీ సమానంగా కనిపించాలని దాన్ని పొలం నట్టనడుమ పాతించాడు. అక్షరాలు మాత్రం గట్టు మీదికి ఆనవు. దారిన పోయే ప్రతివాడూ ఏం రాశారో చూద్దామని లోపలికి నడిచి వెళ్లి, ఆసాంతం చదివి, "అయ్యయ్యో" అని నాలిక కరుచుకుని, అదే దారిన వెనక్కి వచ్చేవాడు. కొద్దిరోజుల్లోనే బోర్డు దాకా చక్కటి కాలిబాట పడింది. నిదానయ్య గట్టు మీద కాపలా కూర్చోవడం మొదలుపెట్టింది అప్పటినుంచే.

ఈ పంట ఆయనకి ఆఖరి అవకాశం. భార్య తేల్చి చెప్పేసింది: "ఈసారి కూడా పసుపు తిరిగితే పొలం మా తమ్ముడికి కౌలుకిచ్చేద్దాం. వాడికి పెద్ద ట్రాక్టరుంది, ఒంట్లో ఓపికుంది. మీరిక ఇంటిపట్టున ఉండండి." కోపంగా అని ఉంటే ఆయన పట్టించుకునేవాడు కాదు. అలసిపోయి అంది. ఇంటిపట్టున ఉండటమంటే ఏమిటో ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. వీధి మలుపులో కుర్చీలు వేసుకుని, వెళ్లిపోయిన బస్సు ఎప్పుడు వెళ్లిపోయిందో దారినపోయేవాళ్లకి చెప్పే పెద్దమనుషుల్లో తానూ ఒకడైపోవడం.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పలకని నేల కింద పరిచిందెవరో నిదానయ్యకి తెలుసు. బావమరిదే. తొలివాన పడటం ఆలస్యం, ఊళ్లో అందరికన్నా ముందు మా బావ పొలమే దున్నాలని, ఏనుగంత ట్రాక్టరు వేసుకుని తడి మీదే దిగిపోయేవాడు. రోటవేటర్‌తో ఏటా అదే లోతున మట్టిని పిండి చేసి, కిందిపొరని చపటా చేసి, చేతులు దులుపుకుని వెళ్లేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. డబ్బు పుచ్చుకున్నవాడినైతే నిలదీయవచ్చు. ప్రేమతో పాడుచేసేవాడిని ఏమని అడుగుతాం? పైగా ఆ ఇంట్లో పుట్టింటి ట్రాక్టరు మీద మాట పడటమంటే మామూలు విషయం కాదు. నిదానయ్య నోరు కుట్టేసుకున్నాడు. ఈ ఏడు మాత్రం, నాగలి వేసవిలోనే పడింది కనక దున్నే పని లేదని చెప్పి అతన్ని ఆపాడు.

పొద్దెక్కుతుండగా పక్క పొలం పెద్దాయన విత్తడం ఆపి, గట్టు దగ్గరికి వచ్చాడు.

"ఏమోయ్, విత్తనాలు రాలేదా?"

"వచ్చాయి."

"ట్రాక్టరు దొరకలేదా?"

"అడగలేదు."

"ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"మరి ఏం చేస్తున్నావ్ ఇక్కడ?"

"కాపలా."

పెద్దాయన ఆ ఖాళీ పొలాన్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. గడ్డిపోచ కూడా లేదు.

"దేనికి?"

"మట్టికి."

"మట్టినెవడు ఎత్తుకుపోతాడోయ్!"

"ఎత్తుకుపోరు. తొక్కిపోతారు."

పెద్దాయన నిదానయ్య భుజం మీద చెయ్యి వేసి, రెండుసార్లు తట్టి, వెనక్కి నడిచాడు. ఎవరికైనా జరగరానిది జరిగినప్పుడు ఆయన అలాగే తడతాడు. అవతలి గట్టు చేరగానే ఫోను తీసి నిదానయ్య బావమరిదికి చేశాడు.

"నాయనా, మీ బావ ఖాళీ పొలానికి కాపలా కాస్తున్నాడు. మాట తడబడటం లేదు కానీ, అర్థం లేదు. విత్తనాలున్నాయట, విత్తడట. నువ్వొకసారి వచ్చి చూసుకుంటే మంచిది."

బావమరిది మనసు వెన్న. ట్రాక్టరు మాత్రం ఇనుము. మా బావ అభిమానం గలవాడు, నన్ను అడగడానికి మొహమాటపడి, దిగులుతో అలా అయిపోయాడు, అనుకున్నాడు. తన చేలో పని సగంలో ఆపి, ట్రాక్టరుకి విత్తే గొర్రు తగిలించి, పెట్టె నిండా విత్తనాలు పోసుకుని, కాలువ వైపు నుంచి దిగువ పొలంలోకి దిగాడు. అడగకుండా చేసేదే సాయం అని అతని నమ్మకం.

ఇవతలి గట్టు మీదనుంచి నిదానయ్య అది చూశాడు. లేచి నిలబడి తువ్వాలు ఊపాడు. "ఆగు! ఆగరా! దిగొద్దు!"

ఇంజను మోతలో బావమరిదికి మాట వినపడలేదు. తువ్వాలు కనపడింది. బావ ఎంత సంబరపడిపోతున్నాడో చూశావా అనుకుని, అతనూ చెయ్యి ఊపి, ఇంకాస్త వేగం పెంచాడు.

అడ్డంగా పరుగెత్తితే నిదానయ్య చిటికెలో ట్రాక్టరుని అందుకునేవాడు. కానీ ఆ పొలంలో ఎవరూ నడవకూడదన్న నియమం పెట్టినవాడు తానే. నియమం పెట్టుకున్నవాడికి దొడ్డిదారి ఉండదు. ఆయన పంచె ఎగ్గట్టి గట్టు చుట్టూ పరుగు లంకించుకున్నాడు. గట్టు జారింది. మలుపు దగ్గర ఒక చెప్పు ఉండిపోయింది. రెండో మలుపు దగ్గర రెండోది కూడా దానికి తోడు పోయింది.

చుట్టుపక్కల చేలల్లో విత్తుతున్నవాళ్లు తలలెత్తారు. ఆ ఊళ్లో వాన పడితే ఆశ్చర్యం లేదు, పిడుగు పడినా పెద్ద ఆశ్చర్యం లేదు. నిదానయ్య పరుగెత్తడం మాత్రం ఎవరూ ఎరుగరు.

"ఏదో ఘోరం జరిగిందిరోయ్!"

"పామా?"

"పామైతే ఆయన నడిచే వెళ్తాడు. ఎవరో చక్రం కింద పడ్డారు!"

అంతే. ఎక్కడి పని అక్కడ వదిలి అందరూ కదిలారు.

ఆయన అవతలి గట్టు చేరేసరికి ట్రాక్టరు బోర్డు పక్కదాకా వెళ్లి, అక్కడ మెత్తగా, ఏ తొందరా లేకుండా, కుంగి ఆగిపోయింది. కిందంతా వదులు చేసిన నేల. దాంట్లో వాన నీరు. పెద్ద చక్రాలు సగందాకా దిగబడ్డాయి.

"ఏం పనిరా ఇది?" గట్టు మీదనుంచి అరిచాడు నిదానయ్య.

"విత్తేస్తున్నా బావా! నువ్వేం దిగులు పెట్టుకోకు. నేనున్నానుగా!"

"ఆపు ముందు. దిగు."

"దిగబడింది కొంచెం. ఒక్క ఊపు ఊపితే వచ్చేస్తుంది."

"ఊపకు!"

ఊపాడు. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, బోర్డుకి బురదతో స్నానం చేయించి, ఇరుసు దాకా దిగిపోయాయి. బోర్డు మీద ఇప్పుడు 'దయచేసి లోపల' అన్న రెండు మాటలే మిగిలాయి. సరిగ్గా అప్పుడే నాలుగు దిక్కులనుంచీ జనం వచ్చి పడ్డారు.

"గట్టు మీంచి రండి!" నిదానయ్య చేతులు జోడించాడు. "మీకు పుణ్యముంటుంది, గట్టు మీంచి రండి!"

"గట్టు తిరిగొచ్చేసరికి కింద పడ్డవాడి ప్రాణం పోతుందయ్యా!" అంటూ ఒకడు అడ్డంగా పరుగెత్తాడు. వాడి వెనక మిగతావాళ్లు. చక్రం కింద ఎవరూ లేరని తెలిశాక కాస్త నిరాశపడ్డారు. అయినా వచ్చినవాళ్లం ఎలాగూ వచ్చాం, ఒక చెయ్యి వేద్దాం అన్నారు. మనిషికో సలహా. ఒకడు గడ్డి పరవమన్నాడు, ఒకడు రాళ్లు వేయమన్నాడు, ఒకడు వెనక్కి తోయమన్నాడు, ఇంకొకడు ముందు ఆలోచించమన్నాడు గానీ వాడి మాట ఎవరూ వినలేదు. గడ్డి కోసం ఒకసారి, చెక్కపలకల కోసం ఒకసారి, తాడు కోసం ఒకసారి, ఆ తాడు తెగితే ఇంకో తాడు కోసం ఇంకొకసారి పొలం మీదుగా పోవడం, రావడం. రోకలితో దంచినా నేల అంత చక్కగా అణగదు. నిదానయ్య గట్టు మీద నిలబడి ప్రతి అడుగునీ కళ్లతో లెక్కపెట్టడం మొదలుపెట్టి, కాసేపటికి ఓపిక లేక మానేశాడు.

పక్క పొలం పెద్దాయన మాత్రం తోయలేదు. ఆయన బుర్ర ఉపయోగించాడు. కాస్త దూరంలో కాలువ తవ్వుతున్న పెద్ద యంత్రం దగ్గరికి పోయి, డ్రైవరుని బతిమాలి పిలుచుకొచ్చాడు. గొలుసు చక్రాల మీద ఇల్లు కదిలి వస్తున్నట్టు వచ్చింది అది. గట్టు దగ్గర ఆపి డ్రైవరు తల బయటికి పెట్టి, పొద్దుటినుంచి ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"పొలంలోకి దిగొచ్చాండీ?"

నిదానయ్యకి ఒక్కసారిగా ఆ డ్రైవరుని కౌగలించుకోవాలనిపించింది. నోరు తెరిచాడు.

"దిగు దిగు!" అని జనమంతా ఏకకంఠంతో అన్నారు.

దిగింది. మొండికేసిన దూడని లాగినట్టు ట్రాక్టరుని ఒక మూలకి లాక్కుపోయింది. సగం దారిలో గొర్రు ఊడి ఉండిపోయింది. దానికోసం మళ్లీ వచ్చి, ఇంకో మూలనుంచి తీసుకుపోయింది. బయటపడ్డ ట్రాక్టరు పక్కన నిలబడి బావమరిది, మోకాళ్లదాకా బురదతో, నుదుట చెమటతో, నవ్వాడు.

"హమ్మయ్య. ట్రాక్టరుకి ఏం కాలేదు బావా."

నిదానయ్య పొలం వైపు చూశాడు. తర్వాత తన కాళ్లవైపు చూసుకున్నాడు. ఆయన దగ్గర చెప్పులు కూడా లేవు.

రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది అప్పుడే. అందులోంచి ముందుగా వ్యవసాయాధికారి దిగాడు. వెనక ఆయన పై అధికారి. వాళ్ల వెనక, ఎక్కడెక్కడినుంచో పిలుచుకొచ్చిన రైతులు, నడుములు విరుచుకుంటూ. వర్షం తర్వాత కూడా చక్రం పడకుండా కాపాడుకుంటున్న నేల ఎలా ఉంటుందో చూపిస్తానని అధికారి వాళ్లని వెంటబెట్టుకుని వచ్చాడు. మంచి పొలం కదా, ముందుగా చెప్పకుండా వచ్చినా అలాగే ఉంటుందని ఆయన ధీమా.

అతిథులు పొలం నడుమ ఉన్న బోర్డుని చూశారు. అక్షరాలు ఆనలేదు. అందరూ కలిసి చదువుదామని లోపలికి నడిచారు.

"అడుగు పడని పొలం అన్నారే, ఇదేనా?" పై అధికారి కళ్లద్దాలు సవరించుకున్నాడు.

వ్యవసాయాధికారి పొలం వైపు చూశాడు. సంత లేచిపోయిన మైదానంలా ఉంది. ట్రాక్టరుని చూశాడు, గొలుసు యంత్రాన్ని చూశాడు, గుంపుని చూశాడు. చివరికి నిదానయ్యని చూశాడు. నిదానయ్య ఆయన్ని చూశాడు. ఇద్దరూ అలసిపోయిన మనుషులే.

"అవునండీ, ఇదే," అన్నాడు అధికారి పెదవులు తడుపుకుని. "ఇవాళ ప్రదర్శన పెట్టించాం."

"ఏం ప్రదర్శన?"

"చేయకూడనివండీ. అన్నీ ఒకేచోట."

పై అధికారి కనుబొమలు లేచాయి. ఇంతవరకూ చేయవలసినవి చూపించే ప్రదర్శనలే చూశాడాయన. అధికారి ఇక ఆగలేదు. ఆగితే పడిపోతాననే భయం ఆయనకి. చెయ్యి చాపి ఒక్కొక్కటీ చూపించాడు. తడి నేలలో బరువైన ట్రాక్టరు దింపితే ఇదిగో ఈ గాడి. దిగబడ్డాక చక్రం తిప్పితే ఇదిగో ఈ గుంట. వదులు నేలలో గుంపుగా తిరిగితే ఇదిగో, ఇదంతా. గొలుసు యంత్రం నడిస్తే అదిగో ఆ బాట. "ఎప్పుడైనా దిగక తప్పకపోతే ఒకే దారిన పోయి ఒకే దారిన రావాలి. చెడేది ఆ ఒక్క దారే. వీళ్లు చూడండి, ఎంత కష్టపడి ప్రతిసారీ కొత్త దారి వెతుక్కున్నారో!"

ఊరివాళ్లు సిగ్గుతో తలలు వంచుకున్నారు. కొందరు మెచ్చుకుంటున్నారేమోననుకుని నవ్వారు.

"ఈయన్ని ఎక్కడినుంచి తెచ్చారండీ?" ఒక అతిథి బావమరిదిని చూపించి అడిగాడు. "మొహంలో ఆ బాధ చూడండి. నిజంగా ట్రాక్టరు దిగబడినట్టే ఉన్నాడు."

అధికారి ఇనప చువ్వ తెప్పించి, ఎవరి కాలూ పడకుండా మిగిలిన చోట గుచ్చాడు. వెన్నలో వేలు దిగినట్టు పిడిదాకా దిగింది. చక్రాల గాడి పక్కన గుచ్చాడు. నాలుగు వేళ్లు దిగి ఆగింది. అతిథులు ఒకరి తర్వాత ఒకరు గుచ్చి చూసుకుని, తలలు పంకించారు.

"మరి మొదట్లో ఆ గట్టి పలక ఎలా వచ్చిందండీ?" ఎవరో అడిగారు.

"ఏటా తొలివానకి తడిమీదే దిగి, బరువైన బండితో, అదే లోతున దున్నడం వల్ల. పైకి పిండి కొట్టినట్టు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కింద మాత్రం ఏడాదికింత ఒత్తుకుని ఒత్తుకుని రాయి అవుతుంది. మామూలు అశ్రద్ధతో ఇలా కాదండీ. ఈ పొలాన్ని ఎవరో ఏళ్ల తరబడి చాలా శ్రద్ధగా పాడుచేశారు."

"నేనే," అన్నాడు బావమరిది నీరసంగా. "ఏ ఏడూ మానలేదు. డబ్బు కూడా తీసుకోలేదు."

అతిథులు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలో కలవని మనిషి ఒక్కరే. అన్నం క్యారియరు పట్టుకుని గట్టు మీద నిలబడ్డ నిదానయ్య భార్య. ఆమె ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. వచ్చి అంతా విన్నది. తమ్ముడిని చూసింది. తర్వాత వట్టి కాళ్లతో నిలబడ్డ మొగుణ్ణి చూసింది.

"మీకిది తెలుసా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"వాడు ప్రేమగా చేస్తున్నాడు కదా."

ఆమె క్యారియరు కింద పెట్టింది. ఇన్నేళ్లూ పసుపు తిరిగిన ప్రతి పంటకీ ఈ మనిషినే అన్నది. విత్తనం ఆలస్యమైందన్నది, ఎరువు చాలలేదన్నది, చేతివాసి మంచిది కాదన్నది. ఆయన ప్రతిసారీ ఊఁ కొట్టి ఊరుకున్నాడు.

బావమరిదికి అంతమంది ముందు పరువు పోయింది. పరువు పోయినవాడు తప్పు ఏదో ఒకదాని మీద తోసేయాలి. మనుషులెవరూ దొరకలేదు. నేల దొరికింది.

"నా ట్రాక్టరు తప్పేం లేదక్కా. నేలే మంచిది కాదు. ఇది పొలమా? బురదగుంట! నాకిది కౌలుకి వద్దు. ఊరికే ఇచ్చినా వద్దు."

"ఏంట్రా అన్నావ్?"

"అదే... బురదగుంట అని..."

"ఆ గుంట తవ్విందెవడ్రా? నీకిస్తామని ఇక్కడ కాచుక్కూర్చున్నామా?"

"నువ్వే కదక్కా అన్నావ్, ఈ పంటవ్వగానే..."

"అన్నాను. నాకు తెలివిలేనప్పుడు అన్నాను. ఇప్పుడు వచ్చింది. ఆయన ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ఈ పొలం ఆయనే చేస్తాడు. ఓపిక పోతే కుర్చీ వేసుకుని ఇక్కడే కూర్చుంటాడు. నీకే కాదు, ఇంకెవడికీ ఇవ్వను. ఇంకోసారి నీ ట్రాక్టరు ఈ గట్టు దాటిందా, నాలుగు చక్రాల్లోనూ గాలి తీసేస్తా!"

"కొంచెం గాలి తగ్గించడం మంచిదేనండీ, నిజానికి," అన్నాడు వ్యవసాయాధికారి అలవాటు కొద్దీ. "టైరు వెడల్పుగా పరుచుకుని నేలమీద ఒత్తిడి తగ్గు..."

ఆమె చూసిన చూపుకి మిగతా సగం మింగేశాడు.

బస్సు బయల్దేరే ముందు పై అధికారి నిదానయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంత కళ్లకి కట్టినట్టు చూపించిన ప్రదర్శన తన ఉద్యోగంలో చూడలేదన్నాడు. పొలాన్ని మొత్తం పణంగా పెట్టిన రైతు త్యాగం గొప్పదన్నాడు. ప్రతి ఏడూ ఇలాగే ఏర్పాటు చేయమని కిందివాడికి అక్కడికక్కడే చెప్పి బస్సెక్కాడు. కిందివాడు కిటికీలోంచి నిదానయ్యకి దణ్ణం పెట్టాడు. అది కృతజ్ఞతో క్షమాపణో తెలిసేలోపు బస్సు కదిలింది.

జనం వెళ్లిపోయాక మొగుడూ పెళ్లాలు గట్టు మీద కూర్చుని చల్లారిన అన్నం తిన్నారు. పొలం పొలమంతా గాడులు. ఏడాది శ్రమ ఒక్క పూటలో తొక్కుడైపోయింది. పొలం చెడిన రోజే పొలం ఆయనకి మిగిలింది. ఇందులో దేనికి ఏడవాలో దేనికి నవ్వాలో నిదానయ్యకి అంతుపట్టలేదు. రెండింటికీ ఓపిక కావాలని ఊరుకున్నాడు.

"ఇప్పుడేం చేద్దాం?" అడిగింది భార్య.

"ఆరనివ్వాలి."

"తర్వాత?"

"గాడులున్న చోట గునపంతో వదులు చేసి కంది వేద్దాం. దాని వేరు లోతుకి పోతుంది, కాస్త దారి చేస్తుంది. మిగతా చోట మొక్కజొన్న."

"అయితే మళ్లీ కాపలా?"

"ఊఁ."

"నేనూ వస్తాను. మీరు పెద్దగా అరవలేరు."

నేల ఆరాక అలాగే వేశారు. మొక్కలు లేచాక గట్టు మీదనుంచి చూస్తే ఆ రోజు జరిగిందంతా పొలంలో అచ్చు గుద్దినట్టు కనిపించింది. ఎవరూ తొక్కని చోట మొక్కజొన్న నల్లగా నిగనిగలాడింది. ట్రాక్టరు వెళ్లిన దారి, యంత్రం లాగిన దారి, అతిథులు బోర్డు చుట్టూ మూగిన చోటు, తాడు కోసం పరుగెత్తిన వంకర బాట, అన్నీ పొట్టిగా, పాలిపోయి, వాటి నడుమ ఓపిగ్గా కంది. దారిన పోయేవాళ్లకి నిదానయ్య భార్య ఒక్కొక్క బాటనీ వేలితో చూపించి, అది ఎవరి కాలిదో బంధుత్వంతో సహా చెప్పేది. తమ్ముడి దారి దగ్గరికి వచ్చేసరికి కాస్త గొంతు తగ్గించేది. ఎంతైనా తోడబుట్టినవాడు.

ఆ ఏడు పొలంలో అన్నిటికన్నా ఏపుగా పెరిగింది మాత్రం కలుపే. దాన్ని పీకాలంటే లోపలికి దిగాలి కదా అని, మొగుడూ పెళ్లాలిద్దరూ గట్టు మీద కూర్చుని ఇంకా ఆలోచిస్తున్నారు.